పక్కన కూర్చునే పని

మా పెదనాన్న రోజుకి పాతిక మాటలకు మించి మాట్లాడేవాడు కాదు. అందులో పది మాటలు మా పెద్దమ్మ చెప్పేవాటికి ఊకొట్టడానికే సరిపోయేవి. మిగిలిన పదిహేనూ నీటి మీటర్ల గురించి. అందుకే బంధువుల్లో ఆయనకి మీటర్ల పెదనాన్న అని పేరు పడిపోయింది. అలాంటి మనిషి తన చివరి పదకొండేళ్ళూ మాట్లాడటమే పనిగా పెట్టుకున్నాడంటే ఆ బంధువులు ఇప్పటికీ నమ్మరు. నేను నమ్ముతాను. ఆ పదకొండేళ్ళూ నేను ఆయన మాట్లాడిన గదిలోనే ఉన్నాను.

మా అమ్మా పెద్దమ్మా అక్కచెల్లెళ్ళు. ఒకే ఇంట్లో కింది వాటా వాళ్ళది, పై వాటా మాది. వాళ్ళకి పిల్లలు లేరు కాబట్టి నేను సగం పైన, సగం కింద, మిగతాది మెట్ల మీద పెరిగాను. సెలవు రోజుల్లో పెదనాన్న నన్ను తన షెడ్డుకి తీసుకెళ్ళేవాడు. ఊళ్ళో పాడైన నీటి మీటర్లన్నీ అక్కడికే వచ్చేవి. పొడవాటి బల్ల మీద ఇత్తడి మీటర్లు వరసగా కూర్చుని ఉండేవి, డాక్టరు కోసం ఎదురుచూసే జనంలా. ఆయన ఒక్కోదాని మూత తిప్పి తీసి, లోపలి పళ్ళ చక్రాలు కడిగి, అరిగిపోయిన వాషరు మార్చి మళ్ళీ బిగించేవాడు. తర్వాత దాన్ని గోడ పక్కనున్న గొట్టానికి తగిలించి నీళ్ళు వదిలేవాడు. గాజు బిళ్ళ కింద సన్నటి ఎర్ర ముల్లు తిరగడం మొదలుపెట్టేది. పైకప్పు రేకుల సందుల్లోంచి దిగిన ఎండ కింద తొట్టిలో నీళ్ళ మీద పడి, అక్కణ్ణుంచి గోడ మీదికి ఎగబాకి, గోడంతా మెల్లగా ఊగుతున్నట్టు ఉండేది. ఆ గోడనే చూస్తూ నేను నిద్రలోకి జారిపోయేదాన్ని. లేచేసరికి తల కింద ఆయన చొక్కా మడత పెట్టి ఉండేది.

ఆయన ఎడమ కాలు కాస్త ఈడ్చి నడిచేవాడు. ఎందుకని చిన్నప్పుడు ఎన్నిసార్లు అడిగినా "మొండిది, చెప్పిన మాట వినదు" అనేవాడు. అసలు సంగతి పెద్దమ్మ చెప్పింది. అదీ ఒక్కసారిగా కాదు, ఉతికిన బట్టలు మడతపెట్టేటప్పుడు కొంచెం, తల దువ్వేటప్పుడు కొంచెం.

ఆయనకి అప్పుడు ఇరవయ్యారేళ్ళు, ఇంకా పెళ్ళి కాలేదు. కొండ అవతలి నుంచి ఊరికి నీళ్ళు తేవడానికి కొండ కింద సొరంగం తవ్వుతున్నారు. లోపల ఊరే నీటిని బయటికి తోడే పంపు చూసుకోవడం ఆయన పని. ఒక మధ్యాహ్నం పంపు దగ్గర వంగి ఉండగా వెనకాల కప్పు కూలింది. పెద్ద చప్పుడేమీ కాలేదట. ఎవరో బరువైన తలుపు నెమ్మదిగా వేసినట్టు అనిపించిందట. దీపం ఆరిపోయింది. ఆయన చుట్టూ కూర్చోడానికి చోటు మిగిలింది కానీ నిలబడటానికి లేదు. ఎడమ పాదం ఒక దుంగ కింద ఉండిపోయింది. లోపలికి గాలి పంపే ఇనప గొట్టం ఒకటి ఆ రాళ్ళ మధ్య నలగకుండా మిగిలి, దాని కొస సరిగ్గా ఆయన చెవి పక్కకి వచ్చింది.

కొంతసేపటికి ఆ గొట్టంలోంచి ఒక గొంతు వినపడింది.

"అబ్బాయ్, ఉన్నావా?"

"ఉన్నా" అన్నాడు పెదనాన్న.

"నేనూ ఉన్నా. ఎక్కడికీ వెళ్ళను."

అవతల మాట్లాడింది ఒక వడ్రంగి మేస్త్రీ. సొరంగం కప్పు కింద దుంగలు నిలబెట్టే పని ఆయనది. కప్పు కూలినప్పుడు చేతికి దెబ్బ తగిలి కట్టు కట్టించుకున్నాడు. ఇంటికి పొమ్మంటే పోకుండా, తవ్వే పనికి పనికిరాను కాబట్టి మాట్లాడే పనికి కూర్చుంటానని గొట్టం దగ్గర బైఠాయించాడు. అలా యాభై ఒక్క గంటలు కూర్చున్నాడు. మధ్యలో అక్కడే కునుకు తీశాడేమో తెలియదు గానీ, ఒక్క గంట తప్ప, ఇటునుంచి పిలిచినప్పుడల్లా బదులు వచ్చింది.

ఏం మాట్లాడాడని మీరు అడగొచ్చు. తను ఎవరికోసమో కడుతున్న ఒక ఇంటి గురించి మాట్లాడాడు. గుమ్మం ఎత్తు ఎంత, తలుపుకి ఏ చెక్క వేశాడు, కిటికీ తూర్పుకి పెట్టమంటే ఇంటాయన పడమరకి కావాలని ఎందుకు పట్టుబట్టాడు, మెట్ల కింద ఖాళీలో ఏం చేస్తే బాగుంటుంది, అన్నీ. చీకట్లో కళ్ళు తెరిచినా మూసినా ఒకటే అయిన పెదనాన్న ఆ ఇంట్లోకి వెళ్ళిపోయాడు. ఒక్కో గదిలో దీపం పెట్టినట్టు ఒక్కో గదీ కళ్ళ ముందు తేలేది. కొత్త చెక్క వాసన వచ్చేది. పడమటి కిటికీ దగ్గర నిలబడి సాయంత్రం ఎండ నేల మీద ఎంత దూరం వస్తుందో చూశాడు. దాహం వేస్తే గోడమీంచి కారే చుక్కలు నాలుకతో పట్టుకుని, మళ్ళీ వెళ్ళి ఆ ఇంట్లో కూర్చునేవాడు.

"పెళ్ళి కాకముందే ఇల్లు కట్టుకుని రెండు రోజులు కాపురం కూడా చేసొచ్చారు మీ పెదనాన్న" అనేది పెద్దమ్మ.

ఆ రెండో రోజు ఒక గంటసేపు గొంతు ఆగిపోయింది. గొట్టంలోంచి గాలి గట్టిగా కొట్టాల్సి వచ్చిందట. ఆ హోరులో మాట వినపడదు. పెదనాన్నకి ఆ సంగతి తెలియదు. అందరూ వదిలేసి వెళ్ళిపోయారనుకున్నాడు. కాలు తిమ్మిరెక్కి, తర్వాత ఆ తిమ్మిరి కూడా పోయింది. ఇల్లు పోయింది, కిటికీ పోయింది. తను బతికున్నాడో లేదో కూడా తెలియలేదట. అప్పుడు పక్కన ఎవరో కూర్చున్నట్టు తెలిసింది.

ఈ ముక్క మాత్రం పెద్దమ్మ చెప్పలేదు. చాలా ఏళ్ళ తర్వాత ఆయనే నాకు చెప్పాడు. "ముట్టుకోలేదు, మాట్లాడలేదు. చూడకపోయినా పక్కన మనిషి కూర్చుంటే తెలుస్తుంది చూడు, అలా తెలిసింది. భయం పోయింది. కాసేపు నిద్రపోయాను కూడా."

పెదనాన్నని బయటికి తీసినప్పుడు వడ్రంగి మేస్త్రీకి గొంతు పూర్తిగా పోయి ఉంది. రెండు వారాల తర్వాత పెదనాన్న ఊతకర్రతో వాళ్ళింటికి వెళ్ళి, గుమ్మంలోనే చేతులు జోడించాడు. మేస్త్రీ గుసగుసగా అన్నాడట: "నాకు దండం పెట్టకు నాయనా. దేవుడు ఉండమన్నాడు, ఉన్నాను. నేనే కాదు, ఆయనా ఉన్నాడు. అది మర్చిపోకు, చాలు."

ఆ రోజు ఇంటికి వచ్చి పెదనాన్న ప్రార్థన చేసుకున్నాడు. అది కూడా పొట్టిదే. "ప్రభువా, ఏ పనికి కావాలంటే ఆ పనికి నన్ను వాడుకో." అంతే.

అలా మాటిచ్చిన మనిషి పని కోసం వెతుక్కున్నాడు. ప్రార్థన మందిరంలో, దేవుడు తనకి చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమంటే ముందుకు వెళ్ళి నిలబడ్డాడు. జనాన్ని చూశాడు. జనం ఈయన్ని చూశారు. "బయటికి వచ్చాను" అని, వచ్చి కూర్చున్నాడు. అంత పొట్టి సాక్ష్యం అంతకుముందూ లేదు, ఆ తర్వాతా లేదని పెద్దమ్మ నవ్వేది. పాటల బృందంలో చేరితే నాలుగు వారాల తర్వాత పాస్టరుగారు పక్కకి పిలిచి, కుర్చీలు సర్దేవాళ్ళు తక్కువగా ఉన్నారని ఎంతో మర్యాదగా చెప్పారు. పెదనాన్న కుర్చీలు సర్దాడు. ముప్పై ఏళ్ళు సర్దాడు. ఆ కుర్చీల వరసలో దారం పట్టి చూసినా వంకర దొరికేది కాదు. కానీ ఆ రోజు తను అడిగిన పని ఇదేనా అన్న సందేహం ఆయనలో ఎక్కడో ఉండిపోయింది.

పెళ్ళయ్యాక మొగుడూపెళ్ళాలిద్దరూ ఒక అలవాటు చేసుకున్నారు. ఏడాదికోసారి, కప్పు కూలిన ఆ తేదీన, మధ్యాహ్నం లోపలి గది తలుపులు, కిటికీలు మూసి చీకట్లో ఒక గంట పక్కపక్కన కూర్చునేవాళ్ళు. దేవుడు తమకి చేసినవి తలుచుకునేవాళ్ళు. గంట అయ్యాక తలుపు తీసి వెలుగులోకి వచ్చేవాళ్ళు. నేను చిన్నప్పుడు ఒకసారి తలుపు సందులోంచి తొంగిచూసి, వీళ్ళిద్దరూ ఏదో తప్పు చేసి శిక్ష అనుభవిస్తున్నారనుకుని ఏడ్చాను.

ఆ తర్వాత ఊరు పెరిగింది, మీటర్లు పెరిగాయి, పెదనాన్న షెడ్డుకి పెద్ద అయ్యాడు. ఒక ఏడాది ఆ తేదీ రోజున ఆయన ఇంటికి భోజనానికి రాలేదు. మరుసటి ఏడాదీ రాలేదు. ఆ పై ఏడాది వచ్చాడు కానీ తిని, చెయ్యి తుడుచుకుని వెళ్ళిపోయాడు. నాలుగో ఏడు కూడా అలాగే తిని లేవబోతుంటే పెద్దమ్మ అడిగింది. నేను అక్కడే ఉన్నాను, నాకు అప్పటికి పదహారేళ్ళు.

"ఇవాళ ఏ రోజో గుర్తుందా?"

ఆయన గోడ మీద క్యాలెండరు చూశాడు. చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది.

"మూడేళ్ళుగా నేనొక్కదాన్నే కూర్చుంటున్నాను" అంది పెద్దమ్మ. నిష్ఠూరంగా అనలేదు. ఇంట్లో చక్కెర అయిపోయిందని చెప్పినట్టు చెప్పింది.

"మరి చెప్పలేదేం?"

"మీకు గుర్తొస్తుందేమోనని చూశాను. ఇంట్లో ఒకరు మర్చిపోయినప్పుడు ఇంకొకరైనా గుర్తుపెట్టుకోవాలి కదండీ."

పెదనాన్న ఆ మధ్యాహ్నం షెడ్డుకి వెళ్ళలేదు. ఇద్దరూ లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నారు. గంట అయింది, రెండు గంటలైంది. బయటికి వచ్చినప్పుడు ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మెట్ల మీద నా పక్కన కూర్చుని అన్నాడు: "దేవుడు నన్ను ఒక్క గంట కూడా మర్చిపోలేదే అమ్మాయ్. నేను మూడేళ్ళు మర్చిపోయాను." ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఇత్తడి వాసన వచ్చింది.

అప్పట్నుంచి ఆయన ఏడాదికోసారితో ఆగలేదు. గొట్టానికి మీటరు తగిలించి నీళ్ళు వదిలిన ప్రతిసారీ, ఆ ముల్లు ఒక చుట్టు తిరిగేలోపు, తనకి జరిగిన మంచి ఒకటి తలుచుకునేవాడు. నాకు టైఫాయిడ్ తగ్గడం ఒక చుట్టు. పెద్దమ్మ తన సంబంధం ఒప్పుకోవడం ఒక చుట్టు. పెద్దమ్మ మాత్రం, "ఒక్క చుట్టేనా?" అనేది.

నేను చదువుకుని నర్సునయ్యాను. మా ఊరి పెద్దాసుపత్రిలో స్పృహ లేనివాళ్ళ వార్డులో నాకు పని దొరికింది. ఎనిమిది మంచాల గది అది. లేతాకుపచ్చ తెరలు, మెరిసే నేల, యంత్రాల సన్నటి మోత. పొద్దున పది దాటాక ఎండ మొదటి మంచం మీదికి వచ్చి, ఒక్కో మంచాన్నే పలకరిస్తున్నట్టు జరుగుతూ జరుగుతూ మధ్యాహ్నానికి ఎనిమిదో మంచం చేరేది. ఆ గదిలో అందరూ తమకి తెలియకుండానే మెల్లగా నడుస్తారు. నీళ్ళ అడుగున నడుస్తున్నట్టు ఉంటుంది. అక్కడ పడుకున్నవాళ్ళు ఎక్కడికి వెళ్ళారో, ఎంత దూరంలో ఉన్నారో డాక్టర్లకీ సరిగ్గా తెలియదు.

పెదనాన్న రిటైరయ్యాక నాకు భోజనం డబ్బా తెచ్చే పని తీసుకున్నాడు. ఒకరోజు నేను తలుపు దగ్గరికి రావడం ఆలస్యమైతే లోపలికి వచ్చి నిలబడ్డాడు. మూడో మంచం మీద ఒక ఈత టీచరు ఉంది. ముప్పై ఏళ్ళుంటాయి. రోడ్డు దాటుతుంటే బండి గుద్ది, తలకి దెబ్బ తగిలి నెల రోజులైంది. భర్త సరుకుల ఓడ మీద పనిచేస్తాడు, ఎక్కడో సముద్రం మధ్య ఉన్నాడు. తల్లీ తండ్రీ లేరు. ఆదివారం పూట తోటి టీచరు ఒకామె వచ్చి పావుగంట ఉండి వెళ్ళేది.

"ఈ అమ్మాయి దగ్గర ఎవరూ లేరా?" అన్నాడు పెదనాన్న.

"లేరు పెదనాన్నా. మేమే ఉన్నాం. మాకేమో ఎనిమిది మంచాలు."

"మాట్లాడతారా ఎవరైనా?"

"వినపడుతుందో లేదో తెలియదు."

ఆయన ఆ అమ్మాయి ముఖం వైపు అలాగే చూశాడు. "వినపడుతుంది" అన్నాడు.

"అయితే నువ్వు వచ్చి మాట్లాడు. డాక్టరమ్మని నేను అడుగుతాను" అన్నాను, సరదాకి.

పెదనాన్న డబ్బా నా చేతిలో పెట్టి, కాలు ఈడ్చుకుంటూ నేను ఎప్పుడూ చూడనంత వేగంగా వెళ్ళిపోయాడు. సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి కింది వాటాలో ఈ విషయమే నడుస్తోంది.

"నాకు మాటలు రావే" అంటున్నాడు ఆయన.

"ఏ పనికైనా సరే అన్నారుగా అప్పుడు. మాట్లాడే పని తప్ప అని అడుగున చిన్నక్షరాలతో రాశారా?"

"ఆ అమ్మాయికి ఏం చెప్పను? నాకు మీటర్లు తప్ప ఇంకేమీ తెలియదు."

"మీకు చెప్పినాయనకి మాత్రం ఏం తెలుసు, తలుపులూ కిటికీలే కదా." పెద్దమ్మ ఆయన పక్కన కూర్చుంది. గొంతు తగ్గించింది. "ముప్పై అయిదేళ్ళుగా పని చెప్పమని అడుగుతున్నారు. ఇప్పుడు పిలిస్తే రానంటారేమిటండీ."

మర్నాడు పదింటికి ఆయన ఉతికిన చొక్కా తొడుక్కుని వచ్చాడు. డాక్టరమ్మ చేతులు కడుక్కునే పద్ధతి చెప్పి, ఒక ఎత్తు పీట చూపించింది. ఆయన కూర్చున్నాడు. నాలుగు నిమిషాలు ఏమీ అనలేదు. నేను పక్క మంచం దగ్గర సెలైన్ సీసా మారుస్తూ ఒక చెవి అటే వేశాను.

"అమ్మా, ఇవాళ మంగళవారం" అన్నాడు చివరికి. "బయట ఎండగా ఉంది. నేను ఇక్కడ కూర్చున్నాను. పన్నెండింటిదాకా ఉంటాను." మళ్ళీ ఆగాడు. "నీటి మీటరు ఉంటుంది చూడు. దాని మూత ఎడమకి తిప్పాలి. చాలామంది కుడికి తిప్పి పాడుచేస్తారు."

అలా మొదలైంది. ఆ రోజు మూత, రెండో రోజు గాజు బిళ్ళ, మూడో రోజు పళ్ళ చక్రాలు. జీవితమంతా లోపల దాచుకున్న మాటలు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. తొందరేమీ లేదు. ఒక్కోసారి నీళ్ళు ఏ కొండ నుంచి బయలుదేరి, ఏ గొట్టంలో పడి, ఏ వీధి కింద మలుపు తిరిగి, ఏ ఇంటి కుళాయిలో బయటపడతాయో చెప్పేవాడు. ఆ మాటలు వింటుంటే నాకు కాళ్ళ కింద నేల లోపల చల్లగా ఏదో పారుతున్నట్టు ఉండేది. నర్సులు మొదట్లో నోళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు. నెల తిరిగేసరికి వాళ్ళే ఆయన వచ్చే వేళకి ఆ వైపు పని పెట్టుకునేవాళ్ళు. డాక్టరమ్మ తన ఇంట్లో కుళాయి ఎందుకు కొట్టుకుంటోందో తలుపు దగ్గర ఆపి అడిగింది.

రోజూ వెళ్ళేముందు ఆయన ఆ అమ్మాయి పక్కన కళ్ళు మూసుకుని ఒక నిమిషం ఉండేవాడు. అప్పుడు పైకి ఏమీ వినపడేది కాదు.

ఏడో వారంలో ఆ అమ్మాయి కళ్ళు తెరిచింది. సినిమాల్లోలా జరగలేదు. ఒకరోజు కనురెప్ప కదిలింది, నాలుగు రోజులకి వేలు కదిలింది, పది రోజులకి చూపు నిలిచింది. ముక్కులో గొట్టం తీసి రెండు రోజులయ్యాక, పీట మీద ఉన్న పెదనాన్న వైపు చూసి నీరసంగా అడిగింది: "మీరెవరు?"

"నీటి మీటర్లు బాగుచేసేవాణ్ణమ్మా."

ఆ అమ్మాయి చాలాసేపు ఆలోచించింది. "మా ఇంట్లో మీటరు పాడైందా?"

"లేదమ్మా" అన్నాడు పెదనాన్న. "బాగానే ఉంది."

ఆమెకి ఏదీ గుర్తులేదు. ఆయన గొంతు కూడా కొత్తగానే ఉంది. నాకు మనసు చివుక్కుమంది. ఆ అమ్మాయి, "ఎప్పుడో విన్న గొంతే" అంటుందని ఎదురుచూశాను మరి. వరండాలో ఆ మాటే అన్నాను. పెదనాన్న నవ్వాడు. ఆయన పళ్ళు కనపడేలా నవ్వడం నేను చూసింది బహుశా మూడుసార్లు. "ఆ అమ్మాయికి గుర్తుండక్కర్లేదే. నాకు గుర్తుండాలి. అది నా పని" అన్నాడు. ఆ మర్నాడు పీటని ఆరో మంచం దగ్గరికి జరుపుకున్నాడు.

తర్వాత పదేళ్ళకి పైనే ఆ పీట ఆ గదిలో అటూ ఇటూ జరిగింది. కొందరు లేచారు. కొందరిని ఇళ్ళకి తీసుకెళ్ళారు, ఏమయ్యారో తెలియదు. చాలామంది లేవలేదు. మోకాళ్ళు మొండికేశాక పెదనాన్న వారానికి మూడు రోజులే వచ్చేవాడు. ఆ రోజుల్లో పెద్దమ్మ కూడా వెంట వచ్చి, ఆడవాళ్ళ మంచాల దగ్గర కూర్చుని, ఇక పడుకున్నవాళ్ళు లేచి వెళ్ళిపోదామనుకునేటన్ని కబుర్లు చెప్పేది. డెబ్భై మూడో ఏట, ఒక పొద్దున కాఫీ తాగి, కుర్చీలో వెనక్కి వాలి ఆయన వెళ్ళిపోయాడు. కానీ ఇవన్నీ కాదు నేను చెప్పాలనుకున్నది. ఆయన ఆ గదికి రావడం మొదలుపెట్టిన రెండో ఏడు జరిగిన సంగతి ఒకటుంది.

ఒకటో మంచం మీద ఒక బేకరీ ఆయన ఉండేవాడు. ఎప్పుడూ పిండిలో ఉండి ఉండి చేతులు తెల్లగా, మెత్తగా ఉండేవి. ఒక్కతే కూతురు, దూర దేశంలో ఉంటోంది. కబురు అందగానే బయలుదేరింది. దారిలో తుఫాను వల్ల రెండు రోజులు చిక్కుకుపోయింది. ఆమె వచ్చేదాకా పక్కన ఉంటానని పెదనాన్న పొద్దున్నా సాయంత్రమూ వచ్చాడు. మూడో రోజు, ఎండ ఆ మంచం మీదికి వచ్చి ఇంకా పక్కకి జరగకముందే, బేకరీ ఆయన ఊపిరి ఆగిపోయింది. పెదనాన్న మాట మధ్యలో ఉన్నాడు. ఆ మాట పూర్తి చేసి, లేచి ఇంటికి వెళ్ళిపోయాడు.

మర్నాడు పదకొండింటికి కూతురు వచ్చింది. తండ్రిని చూసి, తర్వాత నా దగ్గరికి వచ్చి, ఆఖర్న మా నాన్న దగ్గర ఎవరున్నారని అడిగింది. చెప్పాను. ఆయన్ని చూడాలంది. ఆయన ఆ రోజు రాలేదు. నేను ఆటో ఎక్కి ఇంటికి వెళ్ళాను.

పెదనాన్న వెనక వరండాలో కూర్చుని ఉన్నాడు. చొక్కా కూడా మార్చలేదు.

"నేను రాను తల్లీ. ఆ పిల్లకి ఏ ముఖంతో కనపడను? మూడు రోజులు కూర్చున్నాను. ఆయన్ని లేపలేకపోయాను. కూతురు వచ్చేదాకా ఆపలేకపోయాను. ప్రార్థన కూడా చేశాను."

పెద్దమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. తడి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"మిమ్మల్ని లేపమని ఎవరన్నారండీ?" అంది. "సొరంగంలో ఆ మేస్త్రీ మిమ్మల్ని తవ్వి తీశాడా? చేతికి కట్టుతో కూర్చున్నాడు. తవ్వే పని తవ్వేవాళ్ళు చూసుకున్నారు. మిమ్మల్నీ ఉండమన్నాడు దేవుడు. ఉన్నారు. మిగతాది ఆయన చూసుకుంటాడు. లేవండి, ఆ అమ్మాయి ఎదురుచూస్తోంది."

పెదనాన్న ఆమె వైపు చూశాడు. అలాంటి చూపు చూడటానికి వాళ్ళ కాపురం మొత్తం పట్టి ఉంటుంది. లేచి చెప్పులేసుకున్నాడు.

ఆ అమ్మాయి వార్డు బయట బెంచీ మీద కూర్చుని ఉంది. ప్రయాణంలో నలిగిన బట్టలు, పక్కన చిన్న సంచీ. పెదనాన్న వెళ్ళి ఎదురుగా నిలబడితే తలెత్తింది.

"మా నాన్న దగ్గర కూర్చుంది మీరేనా?"

"నేనేనమ్మా."

"మా నాన్న మీకు తెలుసా?"

"తెలియదమ్మా."

"మరి ఏం మాట్లాడారు?" ఆ గొంతులో కాస్త కోపం కూడా ఉంది. తను ఉండాల్సిన చోట ఈ ముసలాయన ఎవరు ఉండటానికి అన్నట్టు.

పెదనాన్న నెమ్మదిగా బెంచీ చివర కూర్చున్నాడు. "నువ్వు బయలుదేరావని చెప్పాను. తుఫాను గురించి చెప్పలేదు, కంగారుపడతాడని. దారిలో ఉందన్నాను. రోజుకి చాలాసార్లు చెప్పాను. ఎవరో ఫోన్ చేసి నువ్వు ఎక్కిన బండి కదిలిందని చెబితే, అది కూడా చెప్పాను. చివరగా చెప్పిన మాట అదే."

ఆ అమ్మాయి చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది. అవి అచ్చం వాళ్ళ నాన్న చేతులు.

"ఎలా చెప్పారు?" అంది. "నాన్నకి ఎలా చెప్పారో అలాగే నాకు చెప్తారా?"

పెదనాన్న తల ఊపాడు. కాస్త ముందుకి వంగి, మంచం పక్కన మాట్లాడే ఆ గొంతుతోనే మొదలుపెట్టాడు. "అయ్యా, ఇవాళ గురువారం. వాన వెలిసింది. నేను మీ పక్కనే ఉన్నాను. మీ అమ్మాయి బయలుదేరింది..."

ఆ అమ్మాయి గోడకి తల ఆనించి కళ్ళు మూసుకుంది. లోపల అయిదో మంచం దగ్గర యంత్రం గంట మోగింది. నేను వాళ్ళనక్కడే వదిలి వార్డులోకి వెళ్ళాను.